బర్త్ సర్టిఫికెట్ల ఒక తేదీ, స్కూల్ల ఇంకో తేదీ: డొమినికన్ బేస్‌బాల్ పిలగాండ్ల కేసులు మనకు ఎంతవరకు వర్తిస్తయి?

హసన్‌పర్తి గ్రౌండ్ (ప్రశ్న):

మా దగ్గర తొమ్మిదో తరగతి పిలగాడు ఒకడున్నడు, ఎడమచేతి ఫాస్ట్ బౌలర్. మున్సిపల్ బర్త్ సర్టిఫికెట్ల పుట్టిన తేదీ 23-01-2010. స్కూల్ రికార్డుల 04-06-2009. ఆధార్ స్కూల్ బోనఫైడ్ చూసి తీసిండ్రు కాబట్టి అండ్ల గూడ 2009యే పడ్డది. పాస్‌పోర్టు ఇంకా తియ్యలే. వచ్చే ఎండకాలం డల్లాస్ దిక్కున్న మేనమామ దగ్గరికి పోయి ఆడ క్రికెట్ క్యాంపుల చేరాలని ఇంట్లోళ్ల ఆలోచన. 2025-26 సీజన్ అండర్-16 సెలెక్షన్లు గూడ ముందటున్నయి. దానికి 01-09-2009న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్లే కావాలె. అంటే స్కూల్ తేదీ పట్టుకుంటే పిలగాడు అవుట్, బర్త్ సర్టిఫికెట్ పట్టుకుంటే లోపల.

ఇప్పుడు స్కూల్ తేదీ దిద్దిద్దామంటే గ్రౌండ్ల అందరు భయపెడుతున్నరు. "డొమినికన్ బేస్‌బాల్ పిలగాండ్లు గిట్లనే వయసు తగ్గించి అమెరికాల దొరికిండ్రు, వీసాలు పోయినయి" అంటున్నరు. అసలు ఆడ ఏం జరిగింది? ఎట్ల పట్టుకున్నరు? ఆటల వయసుకు వీసాకు లంకె ఏంది? మా పిలగాడు నిజంగనే చిన్నోడైనప్పుడు ఏ కాగితం ముందు దిద్దాలె, ఏది తర్వాత? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.


కాజీపేట కర్వ్‌బాల్:

గ్రౌండ్‌లో చెప్పింది సగమే నిజం. డొమినికన్ రిపబ్లిక్ అనే కరీబియన్ దేశం కేసులన్నీ ఒక్క గంపలో వెయ్యొద్దు, అందులో కనీసం మూడు రకాలున్నాయి. ముందు డబ్బు ఎక్కడుందో చూస్తే మిగతాది దానంతట అదే అర్థమవుతుంది.

అమెరికా పిల్లలు డ్రాఫ్ట్ (క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) ద్వారా క్లబ్బులకు పోతారు. డొమినికన్ పిల్లలు డ్రాఫ్ట్‌లో ఉండరు, నేరుగా ఏదో ఒక క్లబ్‌తో సంతకం చేస్తారు. సంతకం నాటికి 16 నిండాలి. ఇదివరకు ఆ సీజన్ జూలై 2న మొదలయ్యేది, 2021 నుంచి జనవరి 15న మొదలవుతోంది. జనవరిలో సంతకం పెట్టేవాడికి ఆ ఏడు సెప్టెంబరు 1 లోపు 17 నిండాలి. ఆగస్టు ఆఖర్లో పుట్టినోడు ఈ ఏడు సంతకం పెడితే, వారం తర్వాత పుట్టినోడు వచ్చే జనవరి దాకా ఆగాలి. మన క్రికెట్ కటాఫ్ కూడా సెప్టెంబరు 1నే కాబట్టి ఈ తిప్పలు మీకు కొత్త కాదు.

క్లబ్ డబ్బు పెట్టేది ఆ పిల్లాడు ఇంకా ఎదగడానికి మిగిలిన ఏళ్ల మీద. 16 ఏళ్లకు గంటకు 90 మైళ్ల వేగంతో వేసేవాడికి లక్షల డాలర్ల బోనస్ రావచ్చు. అదే బంతి 19 ఏళ్లోడు వేస్తే ధర చాలా పడిపోతుంది. అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లోని మొత్తం 30 క్లబ్బులకూ ఆ దేశంలో అకాడమీలున్నాయి. సీజన్ మొదటి రోజు మేజర్ లీగ్ జాబితాల్లో ఈమధ్య ఏటా సుమారు 100 మంది డొమినికన్లే ఉంటున్నారు. ఈ పిల్లల్ని 12, 13 ఏళ్లప్పుడే చేరదీసి, తిండి పెట్టి, ఆట నేర్పి క్లబ్బులకు చూపించే దళారులను బుస్కోన్లు అంటారు. బోనస్‌లో 30 శాతం, కొన్నిసార్లు అంతకు మించే వాళ్ల వాటా. పిల్లాడు సంతకం పెడితేనే వాళ్లకు పైసలు. కాబట్టి తేదీ మార్చాలన్న ఆలోచన ప్రతిసారీ పిల్లాడి బుర్రలోనే పుట్టిందనుకోవడం అన్యాయం.

మొదటి రకం, పేరు తనదే, వయసు మాత్రం తగ్గించడం. మిగెల్ తెహాదా 1993లో ఓక్లండ్ క్లబ్‌తో సంతకం పెట్టినప్పుడు 17 అని చెప్పాడు, నిజానికి 19. అది బయటపడింది 2008లో. అప్పటికే 2002 అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు కూడా గెలిచేశాడు. బార్తోలో కొలోన్ రెండేళ్లు పెద్దవాడని, రఫాయెల్ ఫుర్కాల్ కూడా చెప్పినదానికన్నా పెద్దవాడని 2002లో తేలింది.

రెండోది, ఇంకొకరి కాగితాల మీద బతకడం. ఇది చాలా ముదురు వ్యవహారం. 2006లో వాషింగ్టన్ నేషనల్స్ ఎస్మైలిన్ గొంజాలెజ్ అనే కుర్రాడికి 14 లక్షల డాలర్లు ఇచ్చింది. 2009లో తేలిందేమిటంటే, అతని అసలు పేరు కార్లోస్ అల్వారెజ్, వయసు నాలుగేళ్లు ఎక్కువ. ఆ గొడవలో క్లబ్ జనరల్ మేనేజర్ రాజీనామా చేశాడు. ఫ్లోరిడా మార్లిన్స్ పిచర్ (బంతి వేసేవాడు) లియో నూనెజ్ అసలు పేరు హువాన్ కార్లోస్ ఒవియెదో అని 2011లో బయటపడింది, ఒక ఏడాది పెద్దవాడు. క్లీవ్‌లాండ్ పిచర్ ఫౌస్టో కర్మోనా అసలు పేరు రొబెర్తో ఎర్నాందెజ్, మూడేళ్లు పెద్ద. 2012 జనవరిలో ఆ దేశ రాజధాని శాంతో దొమింగోలో అమెరికా కాన్సులేట్‌కు వీసా పని మీద పోయి, బయటే అరెస్టయ్యాడు.

మూడో రకం గురించి ఎవరూ మాట్లాడరు గానీ మీ కేసుకు దగ్గరగా ఉన్నది అదే: వయసు పెంచడం. ఆద్రియాన్ బెల్త్రే 1994లో డాడ్జర్స్ క్లబ్‌తో సంతకం పెట్టేనాటికి 15 ఏళ్లోడే, కాగితాల్లో మాత్రం 16 చూపించారు. 1999లో అది రుజువయ్యాక శిక్ష క్లబ్‌కు పడింది: 50,000 డాలర్ల జరిమానా, ఆ దేశంలో ఏడాదిపాటు ఆటగాళ్లను వెతకడానికి వీల్లేదు. బెల్త్రే ఆడుతూనే ఉన్నాడు, 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. తన అసలు తేదీకి రావడం వేరు, లేని తేదీకి పోవడం వేరు. విచారణ చేసేవాళ్లు ఈ తేడా చూస్తారు, కాకపోతే చూపించే కాగితం మన దగ్గర ఉండాలి.


వీసా ఫైలు:

ఆటకు వీసాకు లంకె ఏంటంటే, బేస్‌బాల్ సంస్థ కన్నా ముందు ఈ తప్పుల్ని పట్టుకున్నది కాన్సులేట్లే. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత వీసా ఇచ్చే ముందు జనన రికార్డు మూలం దాకా పోయి చూడటం మొదలైంది. దాంతో 2002 సీజన్‌కు వచ్చేసరికి మేజర్ లీగ్, దాని కింది స్థాయి మైనర్ లీగ్‌లు కలిపి వందల మంది పుట్టిన తేదీలు మారిపోయాయి.

అక్కడ ఆటగాడికి ఇచ్చేది పీ-1 వీసా. క్లబ్ అమెరికాలో ఐ-129 దరఖాస్తు పెడుతుంది, అది ఆమోదం పొందాక ఆటగాడు కాన్సులేట్‌కు పోతాడు. 2006 డిసెంబరు దాకా మైనర్ లీగ్ పిల్లలకు పీ-1 దొరికేది కాదు. హెచ్-2బీ అనే సీజన్ కూలీల వీసా మీద పోయేవాళ్లు, దానికి దేశం మొత్తానికి ఏడాదికి 66,000 పరిమితి. అది నిండిపోతే పిల్లలు అకాడమీలోనే ఆగిపోవడమే. ఆ నెలలో వచ్చిన చట్టంతో మైనర్ లీగ్‌లకూ పీ-1 తెరిచారు.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. పీ-1 ఆ క్లబ్‌కే కట్టేసిన వీసా. క్లబ్ వదిలేస్తే అమెరికాలో ఉండే ఆధారం పోతుంది. హెచ్-1బీ వాళ్లకున్న 60 రోజుల వెసులుబాటు పీ-1కు లేదు. తానే మానేస్తే తప్ప, తీసేసిన సందర్భంలో తిరుగు ప్రయాణం ఖర్చు క్లబ్ భరించాలని నిబంధన ఉంది. ఇరవై ఏళ్లకు భుజం పాడై, చేతిలో చదువు లేక, టికెట్ తీసుకున్నా విమానం ఎక్కకుండా అక్కడే ఉండిపోయిన కుర్రాళ్లు ఉన్నారు. వయసు కుంభకోణాల మీద వచ్చినన్ని వార్తలు వీళ్ల మీద రావు.

ఇక అసలు ప్రమాదం. వీసా ఫారంలో ఫలితాన్ని మార్చగల విషయం మీద తెలిసి తెలిసి అబద్ధం చెబితే, అమెరికా వలస చట్టం 212 (ఎ)(6)(సి) సెక్షన్ కింద జీవితకాలం ప్రవేశానికి అనర్హత. ఏడాదో రెండేళ్లో ఆటకు దూరం పెట్టి వదిలేసే వ్యవహారం కాదిది. మినహాయింపు అడగొచ్చు, కాన్సులేట్ సిఫారసు చేయాలి, పై అధికారులు ఒప్పుకోవాలి. కర్మోనా, నూనెజ్ లాంటి వాళ్లు తిరిగి అమెరికా మైదానాల్లో కనిపించారంటే అసలు పేరుతో మళ్లీ వీసా దొరికింది కాబట్టే. వాళ్ల వెనుక క్లబ్బులు, వకీళ్లు ఉన్నారు. మామూలు కుటుంబానికి అంత సీన్ ఉండదు.

ఇందులో "తెలిసి తెలిసి", "ఫలితాన్ని మార్చగల" అన్న రెండూ ముఖ్యం. స్కూల్‌లో ఎవరో రాసిన తేదీ వేరుగా ఉండటం నేరం కాదు. అది తెలిసీ, మూలం ఇంకోలా ఉందని తెలిసీ, ఫారంలో మనకు నచ్చిన తేదీ పెట్టి కింద సంతకం చేయడమే నేరం. మీ పిల్లాడికి పాస్‌పోర్టు ఇంకా తీయకపోవడం అదృష్టం. తప్పు తేదీతో పాస్‌పోర్టు, దాని మీద వీసా అయ్యాక దిద్దడం పది రెట్లు కష్టం.


మెట్‌పల్లి మీడియం పేస్:

ఎముకల పరీక్ష గురించి ఎవరూ రాయలే కాబట్టి క్లుప్తంగ. బీసీసీఐ వాడేది టీడబ్ల్యూ3 పద్ధతి. ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి, ముంజేతి రెండు ఎముకల చివరలు, అరచేతి, వేళ్ల ఎముకలు కలిపి 13 చోట్ల ఎదుగుదల దశకు మార్కులేస్తరు. మగపిల్లల్ల ఈ లెక్క 16.5 ఏళ్ల దగ్గర, ఆడపిల్లల్ల 15 దగ్గర ఆగిపోతది. ఆ తర్వాత ఎముకల చివరలు అతుక్కుపోతయి కాబట్టి 17 ఏళ్లోనికీ 22 ఏళ్లోనికీ ఎక్స్‌రే ఒక్క తీరే కనిపిస్తది. అందుకే అబ్బాయిలకు అండర్-16 దగ్గర, అమ్మాయిలకు అండర్-15 దగ్గర దీన్ని పెట్టిండ్రు. అండర్-19ల ఇదేం పనికి రాదు.

ఇది పుట్టిన తేదీ చెప్పే పరీక్ష కాదు, ఎముక ఎంత ముదిరిందో చెప్తది. ఒకే రోజు పుట్టిన ఇద్దరిల ఏడాది తేడా రావడం మామూలే. తొందరగ మీసాలొచ్చిన పిలగాడు నిజమైన వయసుతోనే ఫెయిల్ కావచ్చు, ఆలస్యంగ ఎదిగేటోడు ఏడాది పెద్దైనా పాస్ కావచ్చు. మీరడిగిన ఏడున్నర నెలల తేడాను ఈ పరీక్ష తేల్చలేదు. ఎక్స్‌రే పాసైంది కదా, ఇగ తేదీ రుజువైనట్టేనని ఎవరన్న చెప్తే నమ్మకుండ్రి.

2009ల మిగెల్ సనో అనే డొమినికన్ పిలగానికి గూడ ఎముకల పరీక్షలు చేసిండ్రు. చేసినంక గూడ వయసు ఖాయంగ తేలలేదు. చివరికి మిన్నెసోటా ట్విన్స్ 31.5 లక్షల డాలర్లకు సంతకం చేయించుకున్నది.


హసన్‌పర్తి గ్రౌండ్:

అందరికి ధన్యవాదాలు. ఇంకో రెండు సంగతులు. ఒకటి, ఆడ విచారణ చేసేటోళ్లు కాగితం నిజమా కాదా అని ఎట్ల తేలుస్తరు? రెండోది, మా స్కూలోళ్లు ఏమంటున్నరంటే "పిలగాన్ని బడిల చేర్చుకునేటప్పుడు వయసు సరిపోవాలని అప్పట్ల జూన్ తేదీ రాసుకున్నం, ఇప్పుడేం దిద్దుతం" అని.


కాజీపేట కర్వ్‌బాల్:

జూన్ సంగతి తెలిసిందే. ఉత్తర తెలంగాణల పాత అడ్మిషన్ రిజిస్టర్ ఏది తెరిచినా సగం ఊరు జూన్ నెలలోనే పుట్టినట్టు ఉంటది. మన దగ్గర బడి కోసం వయసు పెంచుతరు, ఆట కోసం, నౌకరీ కోసం తగ్గిస్తరు. డొమినికన్‌లో బడికి అంత పట్టింపు లేదు గాబట్టి ఎక్కువగా తగ్గించడమే చూస్తాం.

విచారణ గురించి. శాంతో దొమింగోలో మేజర్ లీగ్ ఆఫీసు 2000లో తెరిచారు, 2008లో ప్రత్యేక దర్యాప్తు విభాగం వచ్చింది. కాగితం అసలుదా నకిలీదా అన్నది వాళ్లకు చిన్న ప్రశ్న, ఎందుకంటే చాలా కేసుల్లో కాగితం ప్రభుత్వం ఇచ్చిందే ఉంటది. వాళ్లు చూసేది నమోదు ఎప్పుడు జరిగిందని. అక్కడ పల్లెల్లో ఇంట్లోనే కాన్పులు, ఏళ్ల తర్వాత తండ్రి పోయి ఆలస్య నమోదు చేయించడం మామూలు. పుట్టిన వారంలో నమోదైతే దాన్ని గట్టిగా నమ్ముతారు. 13 ఏళ్లకు, అదీ బుస్కోన్ చేతిలో పడ్డాక నమోదైతే, కాగితం ఎంత అసలుదైనా తవ్వుతారు.

తవ్వడమంటే, ఆసుపత్రి కాన్పుల రిజిస్టర్, చర్చిలో బాప్తిస్మం రికార్డు, స్కూల్‌లో ఏ ఏడాది ఏ తరగతిలో ఉన్నాడు, తోబుట్టువుల పుట్టిన తేదీలు. అన్నకూ తమ్ముడికీ మధ్య ఐదు నెలల తేడా వస్తే అక్కడే దొరికిపోతారు. వాడకట్టులో పక్కింటోళ్లను, పాత టీచర్లను అడుగుతారు. ఇంకొకరి పేరు మీద ఉన్నాడన్న అనుమానముంటే తల్లిదండ్రులతో డీఎన్ఏ పోల్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. దాని మీద విమర్శలూ వచ్చాయి, తండ్రి ఎవరన్న ఇంటి గుట్టు బేస్‌బాల్ ఆఫీసుకు ఎందుకని. ఆ విమర్శ న్యాయమైనదే.

ఇంకో మెలిక పొరుగు దేశం హైతీ మూలాలున్న పిల్లలది. 2013 సెప్టెంబరు 23న ఆ దేశ రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పుతో, కాగితాలు లేని విదేశీ తల్లిదండ్రులకు అక్కడే పుట్టినవాళ్లు కూడా పౌరసత్వం కోల్పోయారు. 2014లో ఒక చట్టంతో కొంత సరిదిద్దారు, కానీ చాలామందికి ఇంకా గుర్తింపు కార్డు రాలేదు. ఆ కార్డు లేక పాస్‌పోర్టు లేదు, పాస్‌పోర్టు లేక సంతకం లేదు. అట్లాంటి పిల్లాడు ఇంకొకరి కాగితాలు కొనుక్కుంటే అది దురాశ అనాలా, గతిలేనితనం అనాలా అన్నది నాకైతే సులువుగా తేలే ప్రశ్న కాదు.


పర్కాల ఎక్స్‌ప్రెస్:

ఇంత లొల్లి ఎందుకన్నా. బర్త్ సర్టిఫికెట్‌ను పక్కన పెట్టి, ఆలస్య నమోదు కింద స్కూల్ తేదీతోని ఇంకోటి తీసుకుంటే ఐపోతది. అన్ని కాగితాలు ఒక్క తీరు ఉంటయి, ఎవడు అడగడు. అండర్-16 పోతే పోయింది, అండర్-19 ఆడుతడు.


మీసేవ మామ:

ఎక్స్‌ప్రెస్ తమ్ముడూ, అదే ఉరితాడు. ఒక్క మనిషికి రెండు జనన నమోదులు. 2001ల డానీ అల్మోంతే కేసుల జరిగింది ఇదే. న్యూయార్క్ బ్రాంక్స్ జట్టు పిలగాడు, 12 ఏళ్లు దాటనోళ్ల లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌ల ఒక్కన్ని గూడ బేస్ ఎక్కనీయకుండ మ్యాచ్ మొత్తం వేసిండు. తండ్రి 2000ల రెండోసారి నమోదు చేయించిన కాగితంల 1989 ఉన్నది, ముందటి రికార్డుల 1987. అంటే 14 ఏండ్లోడు. జట్టు గెలిచిన మ్యాచ్‌లన్నీ రద్దు చేసిండ్రు. తండ్రినీ, జట్టు పెట్టినాయననూ జీవితాంతం నిషేధించిండ్రు. తవ్వంగ తవ్వంగ పర్యాటక వీసా గడువు దాటిన సంగతీ, పిలగాన్ని బడికి పంపని సంగతీ బయటపడ్డయి. రెండు రికార్డులు ఎప్పటికన్న ఎదురుపడుతయి.

హసన్‌పర్తి అన్నా, ఇప్పుడు మీ పని. అన్నిటికంటె ముందు బర్త్ సర్టిఫికెట్ తీసి నమోదు తేదీ గడి చూడుండ్రి, పుట్టిన తేదీ గడి పక్కకు పెట్టుండ్రి. 21 రోజుల లోపు నమోదైతే దానికి మించిన సాక్ష్యం లేదు. 30 రోజులు దాటి ఏడాది లోపైతే పై అధికారి అనుమతి ఉండాలె. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ అధికారమున్న అధికారి ఉత్తర్వు కావాలె, మన దిక్కు ఆర్డీవో ఆఫీసు నుంచి వస్తది, ఆ ఉత్తర్వు నకలు గూడ దాచుకోవాలె. ఆసుపత్రి డిశ్చార్జి కార్డు, టీకాల కార్డు ఉంటే రెండు జిరాక్సులు తీసి గెజిటెడ్ అటెస్టేషన్ చేయించుండ్రి. టీకాల కార్డును చాలామంది పారేస్తరు, దాని మీద పుట్టిన వారంల వేసిన బీసీజీ తేదీ ఉంటది, అది మస్తు గట్టి రుజువు.

సర్టిఫికెట్ల తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, స్పెల్లింగ్ చూడుండ్రి. పిలగాని పేరు గడి ఖాళీగ ఉంటే ముందు పేరు ఎక్కియ్యాలె. తప్పుంటే జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టాలె, విషయం తెలిసిన ఇద్దరి వాంగ్మూలం కావాలె. రిజిస్ట్రార్ పాత ఎంట్రీని కొట్టెయ్యడు, చెరపడు. పక్క అంచుల దిద్దుబాటు రాసి తేదీ వేసి సంతకం పెడుతడు. పాత రాత అట్లనే ఉంటది, అది మనకే మంచిది.

తర్వాత స్కూలు. హెచ్ఎం సొంతంగ ఎర్రసిరాతో దిద్దితే అది దిద్దుబాటు కాదు, ఇంకో అనుమానం. తండ్రి దరఖాస్తు, బర్త్ సర్టిఫికెట్ అటెస్టెడ్ నకలు, చేర్పించినప్పుడు ఏ ఆధారం లేకుండ తేదీ రాసిండ్రని అఫిడవిట్, హెచ్ఎం కవరింగ్ లెటర్ కలిపి డీఈవో ఆఫీసుకు పోవాలె. ఉత్తర్వు వచ్చినంక ఆ నంబరు వేసి అడ్మిషన్ రిజిస్టర్ల మారుస్తరు. ఇది పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసేటోళ్ల జాబితా) పోకముందే కావాలె. ఎస్సెస్సీ మెమో మీద తప్పు తేదీ ముద్ర పడ్డదంటే ఇగ జీవితాంతం ఆఫీసుల చుట్టు తిరుగుడే. పిలగాడు తొమ్మిదిల ఉన్నడు కాబట్టి టైం ఉన్నది, నిద్రపోయేంత మాత్రం లేదు.

ఆధార్‌ల పుట్టిన తేదీ మామూలుగ ఒక్కసారే మార్చనిస్తరు. కాబట్టి బర్త్ సర్టిఫికెట్ల అక్షరం అక్షరం సరైనంకనే పోవాలె. పేరు, ఇంటిపేరు గూడ ఒక్కసారే చూసుకోండ్రి. ఇంకోటి, ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌ల చెప్పింది. సెలెక్షన్ల ఆధార్ ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. ఆధార్ మారినంకనే పాస్‌పోర్టు, వరంగల్ పోస్టాఫీస్ పాస్‌పోర్టు సేవా కేంద్రంల స్లాట్ తీస్కోవచ్చు. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకైతే పాస్‌పోర్టుకు బర్త్ సర్టిఫికెట్ తప్ప ఇంకో ఆధారం చెల్లదు. మీ వాడు అంతకుముందోడు, వేరే ఆధారాలు చెల్లుతయి, అయినా బర్త్ సర్టిఫికెటే పెట్టుండ్రి.


మెట్‌పల్లి మీడియం పేస్:

సెలెక్షన్ సంగతి విడిగ చెప్పాలె. కటాఫ్ మీద ఉన్న పిలగాని తేదీ సరిగ్గ సెలెక్షన్ ముందట మారితే ఎవరికైనా అనుమానమొస్తది, రావాలె గూడ. కాబట్టి దాచకుండ్రి. దరఖాస్తుతో పాటు ఒక పేజీ లెటర్ పెట్టుండ్రి: స్కూల్ల ఫలానా తేదీ ఉండె, బర్త్ రికార్డు ఫలానా రోజు నమోదైంది, దిద్దుబాటుకు ఫలానా తేదీన దరఖాస్తు చేసినం అని. పాత బోనఫైడ్ నకలు మీరే జత చెయ్యుండ్రి. వాళ్లకు దొరికేదానికంటె మనం ఇచ్చింది నయం. డీఈవో ఉత్తర్వు రాకముందే సెలెక్షన్ తేదీ వస్తే, ఈ సీజన్ వదిలెయ్యడమే నా సలహా. కోచ్‌లకు ఇది నచ్చదు. కానీ 2020ల బీసీసీఐ తమంతట తాము ఒప్పుకున్న ఆటగాళ్లకు మాఫీ ఇచ్చింది, దాచి దొరికినోళ్లకు రెండేండ్ల నిషేధం అన్నది. 15 ఏండ్లోనికి రెండేండ్లంటే పేసర్ బతుకుల సగం.

స్కూల్ గేమ్స్‌ల అండర్-17కు వయసు ఏ తేదీ నాటికి లెక్కిస్తరో ఆ ఏడాది సర్క్యులర్ చూసుకోండ్రి. అండ్ల రెండు తేదీలూ లోపలే పడితే, స్కూల్ టీం తరఫున ఆడనీయుండ్రి, ఆట ఆగదు.


హసన్‌పర్తి గ్రౌండ్:

సర్టిఫికెట్ తీసి చూసిన. నమోదు తేదీ 30-01-2010. టీకాల కార్డు గూడ దొరికింది. పిలగాని పేరు ఉన్నది గానీ ఇంటిపేరు లేదు. హెచ్ఎం లెటర్ ఇస్తనన్నడు. క్యాంపు వీసాకు ఏం రాయాలె?


వీసా ఫైలు:

ఏడు రోజుల్లో నమోదైందంటే మీ పని సగం అయినట్టే.

ఇంటిపేరు సంగతి పాస్‌పోర్టు దశలోనే తేల్చండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పిల్లాడి పేరు ఇంటిపేరు గడిలోకి పోతుంది, అసలు పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. ఆ మూడక్షరాలు తర్వాత స్కోర్‌షీట్ నుంచి బ్యాంకు ఖాతా దాకా వెంటబడతాయి.

జీతం, మ్యాచ్ ఫీజు లేకుండా మేనమామ ఇంట్లో ఉండి, ఫీజు కట్టి వేసవి క్యాంపుకు పోతే మామూలుగా బీ-2 పర్యాటక వీసా సరిపోతుంది. డీఎస్-160 అనే వీసా ఫారంలో పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నదే, దిద్దిన తర్వాతదే. ఇతర పేర్లు వాడారా అన్న దగ్గర స్కూల్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటే అది రాయండి. ప్రయాణ ఉద్దేశంలో క్యాంపు ఉందని చెప్పండి, "బంధువుల్ని చూడటానికే" అని సగం చెప్పి, బ్యాగులో కిట్‌తో విమానాశ్రయంలో దిగితే ప్రశ్నలు అక్కడ మొదలవుతాయి. పాత తేదీ ఉన్న బోనఫైడ్, డీఈవో ఉత్తర్వు, బర్త్ సర్టిఫికెట్ ఒకే కవర్‌లో పెట్టుకుని పోండి. అడిగితేనే ఇవ్వండి, అడిగితే మాత్రం అన్నీ ఇవ్వండి.

మేనమామకు కూడా ఒక మాట చెప్పండి. అక్కడ వారాంతం లీగ్‌ల్లో ఎడమచేతి పేసర్‌కు గిరాకీ ఉంటుంది, ఎవరో ఒకరు మ్యాచ్‌కింత అని చేతిలో పెడతారు. బీ-2 మీద అది తీసుకుంటే అనుమతి లేని పని కిందికి వస్తుంది. ఎఫ్-1 మీద చదువుకుంటూ డబ్బుకు ఆడే మన కుర్రాళ్లకూ అదే వర్తిస్తుంది, నగదు తీసుకున్నా, జెల్లే (అక్కడి ఆన్‌లైన్ చెల్లింపు) చేయించుకున్నా తేడా లేదు. డబ్బుకు ఆడాలంటే జట్టు ఐ-129 పెట్టి పీ-1 తేవాలి.


మీసేవ మామ:

ఇంటిపేరు లేదన్నరు కదా, ఆధార్‌కు పోకముందే ఆ 15వ సెక్షన్ దరఖాస్తు పెట్టుండ్రి. తల్లిదండ్రుల పెండ్లి సర్టిఫికెట్ గానీ తండ్రి ఎస్సెస్సీ మెమో గానీ ఇంటిపేరుకు ఆధారం కింద జత చెయ్యుండ్రి. రసీదు మీద దరఖాస్తు నంబరు పడ్డదా లేదా చూసుకొనే కౌంటర్ దగ్గర్నుంచి కదలుండ్రి.